మూలన ఎర్ర చుక్క

నా గదికి వచ్చేవాళ్ళు ఈమధ్య తలుపు తడుతున్నారు.

ఇది ఒకప్పటి చీకటి గది. ఎక్స్‌రే ఫిల్ములను మందునీళ్ళలో కడిగిన రోజుల్లో వాటిని ఆరవేసిన కొక్కేల గుంటలు గోడ మీద ఇంకా ఉన్నాయి. ఎన్నిసార్లు రంగు వేసినా పూడలేదు. అప్పట్లో తలుపు తట్టే అలవాటు ఎవరికీ లేదు. లోపల నోర్మా ఈల వేస్తూ ఉంటే రావద్దని, ఈల ఆగితే రావచ్చని అర్థం. ఇప్పుడు ఇందులో రెండు తెరలు, ఒక కుర్చీ, ఒక టెలిఫోను ఉన్నాయి. కిటికీ లేదు. ఇంగ్లండు తూర్పు తీరాన మా హంబర్ నది మీదుగా వచ్చే గాలి పైకప్పులోని గొట్టంలో మూలుగుతుంది. దాన్నిబట్టి బయట ఎలాంటి రోజో ఊహించుకుంటాను.

నేను రేడియోగ్రాఫర్ని, అంటే ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. తీసినదాన్ని చదివి రిపోర్టు రాయడం ప్రత్యేక వైద్యుల పని. మా ఆసుపత్రిలో వాళ్ళు తక్కువ, ఎక్స్‌రేలు ఎక్కువ. ఎమర్జెన్సీలో కాలో చెయ్యో ఫోటో తీయించుకున్న మనిషి, రిపోర్టు తయారయ్యేసరికి ఇంటికి పోయి ఉండేవాడు. విరిగిన మణికట్టుతో రేవులో చేపల పెట్టెలు మోస్తున్నవాణ్ణి ఫోన్ చేసి వెనక్కి పిలిపించేవాళ్ళం. అలాంటివి ఎక్కువయ్యాక, మాలోనే ఒకరిని చదివించి, మనిషి ఇంకా కుర్చీలో కూర్చుని ఉండగానే రిపోర్టు రాయించాలని పైవాళ్ళు నిర్ణయించారు. నేను వెళ్ళి చదువుకుని, పరీక్షలు రాసి వచ్చాను. అప్పటినుంచి ఈ గది నాది.

అంతకుముందు మాకు ఒక్కటే భాష ఉండేది. ఫోటో తీస్తున్నప్పుడు ఏదైనా తేడాగా కనిపిస్తే దాని మూలన ఒక ఎర్ర చుక్క పెట్టేవాళ్ళం. మొదట్లో అంటించే చుక్క, తర్వాత కంప్యూటరులో ఒక మీట. ఆ చుక్క ఇదీ జబ్బని చెప్పదు, ఎక్కడో కూడా చెప్పదు. దాని కింద ఎవరి పేరూ ఉండదు. ‘ఒకసారి చూడండి’ అంటుంది, అంతే. చూసి నిర్ణయించే బాధ్యత ఇంకొకరిది. నేనూ నోర్మా బ్లాంచర్డూ ఈ భాషలోనే ఇన్నేళ్ళూ బతికాం.

నోర్మా నాకంటే ముందు చేరింది. ఆమెకు ఎదుటివాళ్ళందరూ బాతులే. పోస్టుమాన్ బాతు, బస్సు డ్రైవరు బాతు, తుంటి విరిగి స్ట్రెచర్ మీద వచ్చిన పాదిరీగారు కూడా బాతే. ఈ ప్రాంతపు ఆడవాళ్ళ ముద్దు పిలుపు అది. నా పేరు డెస్మండ్. ఆ పేరుతో ఆమె నన్ను పిలిచిన గుర్తు లేదు.

ఫోటోను వెలుగు పలక మీద పెట్టి ఇద్దరం భుజాలు తగిలేలా నిలబడేవాళ్ళం.

“ఏమంటావ్ బాతూ?”

“నువ్వేమంటావ్?”

“నేనేమీ అనను. అనడానికి నాకిచ్చే జీతం చాలదు.”

అని చుక్క పెట్టేది. ముందుగా చూసింది ఏ కన్నో మాకు తెలిసేది కాదు, తెలుసుకోవాలని అనిపించేదీ కాదు. చుక్క ఇద్దరిదీ.

నేను చదువుకు వెళ్తున్నానని చెప్పినప్పుడు ఆమె టీ కలుపుతోంది. “నాకొద్దు ఆ చదువు,” అంది. “ఫోటో తీసేటప్పుడు కనీసం మనిషి మొహం కనిపిస్తుంది. నువ్వు పో, చీకట్లో కూర్చుని ఎముకలతో కబుర్లు చెప్పుకో.” నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. వచ్చి ఈ గదిలో కూర్చున్న కొత్తల్లో టీ కలిపినప్పుడల్లా నా కప్పు కూడా వచ్చేది. తర్వాత తలుపు తట్టి ఇవ్వడం మొదలైంది. తర్వాత, పనిలో ఉన్నానేమో, కదిలించడం ఎందుకని మానేశారు. అందులో ఎవరి తప్పూ లేదు. మనుషులు ఎవరికైనా మర్యాద ఇవ్వడం మొదలుపెడితే ఆ మనిషికి దాన్ని ఆపే దారి ఉండదు.

మొదటి కొన్ని నెలలు నా రిపోర్టులన్నీ డాక్టర్ ఫారర్ మళ్ళీ చూసేది. ఎక్స్‌రే విభాగానికి ఆమె పెద్ద. జనవరిలో ఒకరోజు తన గదికి పిలిచింది.

“డెస్, మీ రిపోర్టుల్లో నాకు తప్పొక్కటీ దొరకలేదు,” అంది. “కాని ఇది వినండి. ‘కచ్చితంగా ఫ్రాక్చర్ అని చెప్పదగినదేదీ కనిపించడం లేదు, అవసరమనిపిస్తే మరొకసారి పరిశీలించవచ్చు.’ ఇది చదివి ఎమర్జెన్సీలో నర్సు బెకి ఏం చెయ్యాలి? కట్టు కట్టాలా, ఇంటికి పంపాలా?”

“నాకు కనిపించినదేమిటంటే...”

“మీకు కనిపించింది నాకు తెలుసు, నేనూ చూశాను. అక్కడేమీ లేదు. లేదని రాయండి. ఉంటే ఉందని రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి, అప్పుడు చెయ్యాల్సింది వేరు. మీరు ఈ మూడింటినీ ఒక్క వాక్యంలో పెడుతున్నారు. వాళ్ళు ప్రతిదానికీ మళ్ళీ ఫోన్ చెయ్యాల్సి వస్తోంది. నెలాఖరుకి ఇలాగే ఉంటే నేను పాత పద్ధతికి పోక తప్పదు. మళ్ళీ జనాన్ని ఇళ్ళనుంచి పిలిపించుకుందాం.”

నేను లేవబోయాను.

“ఇంకొకటి. నోర్మా ఈమధ్య అన్నిటికీ చుక్కలు పెడుతోందని బెకి అంటోంది. రిపోర్టు కింద ‘చుక్క సరైనదేనా’ అని ఒక గడి ఉంది కదా. మీరు దాన్ని ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తారెందుకు?”

నేను మళ్ళీ కూర్చున్నాను.

“నింపండి. ఆవిడ చూపు తప్పుతోందంటే కొన్నాళ్ళు బయటి క్లినిక్కులో వేస్తాం. అక్కడ ఇంత ఒత్తిడి ఉండదు. శిక్షేం కాదు.”

నోర్మాకు అది శిక్షే. ఊరి అవతల ఉన్న ఆ క్లినిక్కుకు ముందే సమయం తీసుకుని, శుభ్రంగా స్నానం చేసి వస్తారు జనం. ఎమర్జెన్సీకి ఎలా ఉన్నవాళ్ళు అలా వస్తారు. ఆమెకు కావలసింది వాళ్ళే.

గదికి తిరిగి వచ్చి, నేను అంతకుముందు రాసిన వాక్యాలన్నీ తెర మీద తెరిచి చదువుకున్నాను. అవి వినయంతో రాసినవని అంతవరకూ నమ్మాను. అది వినయం కాదు. భయం అనుకుందామంటే అదీ పూర్తిగా కాదు. ‘చెప్పదగినదేదీ’, ‘అనిపిస్తే’, ‘పరిశీలించవచ్చు’ లాంటి మాటలన్నీ ఇంకొకరు కూర్చోవడానికి ఉంచిన చోట్లు. ఇన్నేళ్ళూ నేను వాక్యంలో సగమే మాట్లాడాను, మిగతా సగం పక్కనున్న మనిషి పూర్తి చేసేది. ఇప్పుడు పక్కన ఎవరూ లేకపోయినా ఆ సగం ఖాళీ పెట్టి రాస్తున్నాను. ఇంట్లోనూ ఇదే వరస. ఒంటరిగా గుడ్డు ఉడకబెట్టుకుని, ‘ఉడికి ఉండవచ్చు’ అనుకుంటూ కూర్చుంటాను.

ఆ శుక్రవారం మంచు గడ్డకట్టింది. పొద్దుటినుంచీ మణికట్లే వచ్చాయి. జారిపడ్డవాళ్ళందరూ చెయ్యి ఆనించే పడతారు. మధ్యాహ్నం, కింది క్యాంటీనునుంచి వేయించిన చేపల వాసన ఇంకా పోకముందే, ఒక పాదం ఫోటో తెర మీదికి వచ్చింది. కీలీ అనే పిల్ల. పదమూడేళ్ళు, నెట్‌బాల్ ఆడుతూ చీలమండ మెలి తిరిగింది, పాదం బయటి అంచున నొప్పి. ఫోటో మూలన ఎర్ర చుక్క. తీసింది నోర్మా.

చిటికెన వేలినుంచి వెనక్కి వచ్చే పొడవాటి ఎముక మొదట్లో ఒక సన్నని నల్లగీత ఉంది. ఈ పని చేసేవాళ్ళందరూ మొట్టమొదట భయపడేది ఆ గీత చూసే. నాకు దాన్ని నేర్పింది నోర్మా, నేను చేరిన తొలి వారాల్లో, ఇదే గదిలో తడిఫిల్మును ఎర్రదీపం దగ్గర ఎత్తి పట్టుకుని. గీత నిలువుగా, ఎముక వెంబడి పోతే అది ఎదుగుతున్న పిల్లల ఎముక, దాని జోలికి పోవద్దు. అడ్డంగా, ఎముకను కోస్తూ పోతే విరిగినట్టు. అంతే తేడా. ఆ తర్వాత పుస్తకాల్లో చదివాను, పరీక్షలో రాశాను, కాని ఎప్పుడు ఆ గీత చూసినా ఆమె తడి వేలే గుర్తొస్తుంది.

కీలీ పాదంలోని గీత నిలువుగా ఉంది.

మరి చుక్క ఎందుకు? ఆ గీత నాకు నేర్పిన మనిషి దాన్ని చూసి చుక్క పెట్టదు. పెట్టిందంటే ఇంకేదో చూసి ఉండాలి. మళ్ళీ చూశాను, తెరను పెద్దది చేసి చూశాను. అప్పుడు, నిలువు గీత కింది కొసన, ఒక అడ్డగీత కనిపించసాగింది. వెంట్రుకంత ఉంది. ఒప్పుకోవాలంటే, నాకు కలిగింది భయం కాదు, సంతోషం. ఆమె చూసింది నేనూ చూశాను. వెలుగు పలక ముందు ఇద్దరం నిలబడ్డట్టే ఉంది.

వెలుతురు తగ్గించాను, గీత పోయింది. పెంచాను, వచ్చింది. ఇంకో కోణంలో తీసిన ఫోటో తెరిచాను. అక్కడ లేదు. మూడోదానిలో చూస్తే అదే చోట చర్మం మడత ఉంది. మొదటిదానికి తిరిగి వచ్చాను. మడత అని తెలిసిన తర్వాత కూడా కన్ను దాన్ని గీతగానే చూస్తానంటోంది. చుక్కను బొటనవేలితో మూసి చూశాను. వేలు అడ్డం పెట్టినంతసేపూ గీత లేదు.

ఫోన్ అందుకున్నాను. నోర్మా ఉండేది గోడకు అవతలే. ‘ఏం చూశావు?’ అని అడిగితే చెబుతుంది. చెప్పిందంటే మళ్ళీ ఇద్దరిదీ అవుతుంది. ఫోన్ పెట్టేశాను. ‘కచ్చితంగా ఫ్రాక్చర్ అని...’ అని టైపు చేసి, చెరిపేశాను.

ఫోన్ మోగింది. బెకి.

“డెస్, ఆ నెట్‌బాల్ పిల్ల. చుక్క ఉంది, రిపోర్టు లేదు. ఏమిటి సంగతి?”

“రాస్తున్నాను.”

“నీ రిపోర్టు వచ్చినా వాతావరణ వార్తల్లాగే ఉంటుందిలే. అక్కడక్కడ జల్లులు పడవచ్చు. చూడు, వాళ్ళమ్మ నా ప్రాణం తీస్తోంది. వచ్చే వారం జిల్లా జట్టుకి ఎంపికట. పాదం కదలకుండా బూటు కట్టేసి ఆరు వారాలు ఇంట్లో కూర్చోమని పంపెయ్యనా? ఉందా, లేదా?”

“రెండు నిమిషాలు.”

“అందరికీ రెండు నిమిషాలే కావాలి,” అని పెట్టేసింది.

నేను ఇలా రాశాను: ‘ఎముక విరగలేదు. ఐదో పాదాస్థి మొదట్లో ఉన్న నిలువు గీత ఈ వయసులో సహజమైన ఎదుగుదల గీత.’ రాసి చదువుకున్నాను. అందులో ఇంకెవరూ కూర్చోవడానికి చోటు లేదు. కింద గడి ఉంది. చుక్క సరైనదేనా. అవును, కాదు. దాన్ని ఖాళీగా వదిలేసి సంతకం పెట్టవచ్చు, అన్నాళ్ళూ అదే చేశాను. కాని పైన ‘విరగలేదు’ అని రాసి కింద దాన్ని వదిలెయ్యడమంటే, మళ్ళీ సగం వాక్యమే రాయడం. ‘కాదు’ నొక్కాను. సంతకం నొక్కాను. గాలి గొట్టంలో మూలుగు అలాగే ఉంది.

కొంతసేపటికి తలుపు తట్టిన చప్పుడయింది.

“రా,” అన్నాను.

నోర్మా లోపలికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమనడానికి రెండో కుర్చీ లేదు. మెడలో కొత్త కళ్ళజోడు వేలాడుతోంది, చంకలో ఒక పెట్టె ఉంది.

“కాదన్నావట,” అంది.

“అవును.”

“బెకి చెప్పింది. పిల్ల వెళ్ళిపోయింది, కుంటుతూ, కాని నడిచే. వాళ్ళమ్మ నాకు చాక్లెట్ల పెట్టె ఇచ్చింది. ఎందుకిచ్చిందో నాకైతే తెలియదు.” తెర వైపు చూడకుండా, గోడ గుంటల వైపు చూసింది. “గీత నిలువుగానే ఉంది. నాకు కనిపించకపోలేదు.”

“మరి?”

“చూస్తూ నిలబడితే అడ్డంగా ఇంకోటి మొదలైంది బాతూ. ఇదివరకు అయితే పక్కకు తిరిగి అడిగేదాన్ని, నువ్వు ‘కాఫీ తాగి చూడు’ అనేవాడివి, అయిపోయేది. ఇప్పుడు పక్కన యంత్రం ఉంది. అది ఏమీ అనదు. ఎంతసేపు చూస్తే అంత విరుగుతున్నాయి ఎముకలు. కళ్ళజోడు మార్పించుకున్నాను. డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. అయితే పాడైంది పైదేమో అనుకుంటున్నాను,” అని తల మీద వేలితో తట్టుకుంది. ఆమె మాట ఎప్పటిలా తేలిగ్గానే ఉంది, వేలు మాత్రం తల మీదే ఆగిపోయింది.

నేను ఏదో అనబోయాను. ఆమె ఆపింది.

“ఒక్కటి చెప్పు. చూస్తున్నప్పుడు నీకూ అడ్డంగా కనిపించిందా? నా మనసు నొప్పించకూడదని చెప్పకు. రిపోర్టులో రాసినట్టు చెప్పు.”

“కనిపించింది,” అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. “హమ్మయ్య,” అంది. “అయితే నాకు పిచ్చెక్కలేదు. మడతేనా?”

“మడతే.”

“సరే. మడతైతే ఎవరికైనా కనిపిస్తుంది.” ఆమె నవ్వి, ఒక అడుగు ముందుకు వేసి, నా కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించింది. మేము అప్పుడు ఒకే తెరకు ఎదురుగా ఉన్నాం. ఇక్కడితో ఆపి ఉంటే ఆ సాయంకాలం మంచి సాయంకాలం అయ్యేది. ఆమె టీ కలిపేది. నేను ఆ కప్పు పట్టుకుని బయట అందరితో కూర్చునేవాణ్ణి.

“ఎవరికైనా కనిపించేది కాదు నోర్మా,” అన్నాను. “నీ చుక్క ఉంది కాబట్టి కనిపించింది. వేలితో చుక్క మూస్తే పోయింది.”

కుర్చీ వీపు మీది చెయ్యి కదలలేదు.

“చుక్క చూశాక నేను నీ కళ్ళతో చూస్తున్నాను. నువ్వు సరిగ్గా చూసిన రోజు సరే. కాని నువ్వు పొరబడ్డ రోజు ఇద్దరం కలిసే పొరబడతాం. అందుకే ఫారర్‌ను ఒకటి అడగాలనుకుంటున్నాను. నేను సంతకం పెట్టేదాకా నా తెర మీద చుక్క రాకుండా చెయ్యమని.”

“అంటే నేను పెడుతూనే ఉండాలి, నువ్వు చూడవు.”

“సంతకం అయ్యాక చూస్తాను.”

“అప్పుడు చూసి ఏం లాభం? అప్పటికి చెప్పేసి ఉంటావు కదా.” కుర్చీ మీది చెయ్యి తీసేసింది. “ఇన్నేళ్ళూ అలాగే చూశాం మనం.”

“అందుకే,” అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. ఫోటో తీసేముందు నొప్పిలో ఉన్న మనిషిని చూసి, ఎంతవరకు కదపవచ్చో అంచనా వేస్తుందే, ఆ చూపు. “నిజమేలే,” అంది చివరికి. “నీకు చదువు వంటబట్టింది. నేను ఊరికే వెటకారం చేశాను గాని.” చాక్లెట్ల పెట్టె తెరిచి, ఒకటి తీసి నా కీబోర్డు పక్కన పెట్టింది. “గట్టిది అది. పన్ను జాగ్రత్త బాతూ. విరిగితే ఫోటో నేనే తియ్యాలి.” తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళింది.

డాక్టర్ ఫారర్ ఒప్పుకుంది. తాను ముందే ఆలోచించాల్సిందని కూడా అంది. నోర్మా చుక్కలు సరైనవో కావో తేల్చాలన్నా, వాటిని చూడకుండా చదివినవాడి మాటే కొలత కావాలని, అప్పటిదాకా ఆమెను ఎక్కడికీ పంపనని చెప్పింది. నెలాఖరు వచ్చి వెళ్ళింది, నా పని ఉండిపోయింది. బెకి ఫోన్లు ఆగాయి. ఆమె ఒకసారి నడవాలో ఎదురై, “వాతావరణం బాగుపడింది,” అని భుజం తట్టి పోయింది. అంతకుముందు రోజుకు ఎన్నిసార్లో మోగిన ఆ టెలిఫోను ఇప్పుడు బల్ల మీద ఊరికే ఉంటుంది. దాని మోతను నేను విసుగు అనుకున్నాను. నాకు మనిషి గొంతు వినిపించే సమయం అదొక్కటేనని అది ఆగాక తెలిసింది.

నా వాక్యాలు పొట్టివయ్యాయి. విరిగింది, విరగలేదు, తెలియదు. ఒక్కొక్కటీ రాసేటప్పుడు లోపల ఏదో చిన్న మెట్టు దిగినట్టు ఉంటుంది. దిగిన ప్రతిసారీ కింద నేల ఉంటోంది. ఇంతవరకూ ఉంది.

ఈ మధ్యాహ్నం ఒక మోచెయ్యి వచ్చింది. ఒక ముసలాయన, తోటలో నిచ్చెన మీదనుంచి పడ్డాడు. అన్ని కోణాలూ చూశాను. ఎక్కడా ఏమీ లేదు. ‘ఎముక విరగలేదు’ అని రాశాను. సంతకం మీట మీద వేలు పెట్టి కాసేపు ఉంచాను. అది నొక్కితే, ఆమె చుక్క పెట్టి ఉన్నట్టయితే మూలన వెలుగుతుంది. పెట్టనట్టయితే ఏమీ వెలగదు. గోడకు అవతల యంత్రం చప్పుడు ఒకసారి వినిపించి ఆగింది. నోర్మా ఎవరితోనో ఊపిరి బిగబట్టమని చెప్పి ఉంటుంది.

నొక్కాను. మూల ఖాళీగానే ఉంది. ఆమెకు కూడా ఏమీ కనిపించలేదన్నమాట. లేదా జనం ఎక్కువై, సరిగ్గా చూసే తీరిక లేక పంపేసిందేమో. తర్వాతి ఫోటో తెర మీదికి వచ్చేదాకా ఆ ఖాళీ మూల వైపే చూస్తూ కూర్చున్నాను.